ముని లేని మునిమాపు

తెర లేచింది. స్టేజీ మీద ముని ఉన్నాడు.

అలాంటిలాంటి ముని కాదు. బొడ్డుదాకా తెల్లగడ్డం, ఒంటికి కాషాయం, చేతిలో కమండలం. కాళ్లకి మాత్రం హవాయి చెప్పులు, తీయడం మర్చిపోయాడు. ఆయన వెనక గోడకి ఇంత పెద్ద ప్రపంచ పటం వేలాడుతోంది. ఆ పటం మీద గుండ్రటి లైటు ఎంతో శ్రద్ధగా పడుతోంది.

ఖాళీ హాల్లో మూడో వరసలో కూర్చున్న రచయిత్రి లేచి నిలబడింది.

"ఇదేంటి?"

"రెండో సీనండీ," అంది పైన లైట్ల గదిలోంచి ఒక గొంతు.

"రెండో సీన్లో పార్కు బెంచీ ఉండాలి. బెంచీ మీద ఇద్దరు ప్రేమికులుండాలి. ఈయనెవరు?"

"ముని."

"ముని అని తెలుస్తూనే ఉంది. ఎందుకున్నాడు?"

"మీరే కావాలన్నారటగా. మునీ, మ్యాపూ."

స్టేజీ పక్కన హీరోయిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హీరో పొట్ట పట్టుకుని చతికిలబడ్డాడు. మునిగా నిలబడ్డ సామాన్లాయన, అంటే నాటకాలకి కావలసిన కుర్చీలూ కత్తులూ కిరీటాలూ చూసుకునే పెద్దాయన, "నాకు ముందే అనుమానంగా ఉందిరా" అంటూ గడ్డం పీకేశాడు.

రచయిత్రికి మాత్రం నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మునిమాపు అండీ బాబూ! మునిమాపు! మీకు తెలుగు రాదా?"

"వచ్చండీ. మీకొచ్చినంత పాతది రాదు."

అదీ వాళ్ల మొదటి పరిచయం. ఇంతకంటే గొప్పగా ఎవరికీ మొదలై ఉండదు.

నిజానికి తప్పంతా అతనిది కాదు. డైరెక్టరుగారు ముందురోజు బస్సులోంచి ఫోన్ చేసి, "రెండో సీనుకి మునిమాపు కావాలిరా. బాగా కనపడాలి. మా అమ్మాయి దానిమీదే ప్రాణం పెట్టుకుంది" అన్నాడు. బస్సు హారన్ల మధ్య ఈ అబ్బాయికి వినపడింది వినపడినట్టు చేశాడు. అంతకుముందు ఆడింది పౌరాణికం కాబట్టి గడ్డం చేతికందే దూరంలోనే ఉంది. మ్యాపు కోసమే పాపం ఎదురు వీధి స్కూలుదాకా వెళ్లి బతిమాలుకొచ్చాడు.

ఈ అబ్బాయిని అందరూ ఫ్యూజు అంటారు. పనిలో చేరిన కొత్తలో ఒకే స్విచ్చుతో హాలుతో పాటు వీధి వీధంతా చీకటి చేశాడు. అప్పట్నుంచీ ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు లైట్ల పనిలో అతన్ని మించినవాడు లేడు. అయినా పేరు మారలేదు.

రచయిత్రి డైరెక్టరుగారి అన్న కూతురు. నిఘంటువు తయారు చేసే ఆఫీసులో పని చేస్తుంది. పొద్దస్తమానం పాత మాటల దుమ్ము దులపడమే ఉద్యోగం. ఇది ఆమె మొదటి నాటకం, దీనికోసమే సెలవు పెట్టి తన ఊరినుంచి వచ్చింది. ముక్కు మీద కోపం, ఆ కోపం దిగితే మనసు వెన్న. ఈ రెండో సంగతి ఫ్యూజుకి ఇంకా తెలియదు.

"చూడండి," అంది ఆమె కాస్త శాంతించాక, లైట్ల గది మెట్లెక్కి వచ్చి. "నా కథలో అబ్బాయికి పగటి డ్యూటీ, అమ్మాయికి నైట్ డ్యూటీ. అతను ఇంటికి తిరిగొచ్చే వేళకి ఆమె బయల్దేరుతుంది. ఇద్దరికీ దొరికేది మధ్యలో ఉన్న ఆ కాస్త వేళ. దాని పేరు మునిమాపు. ఆ వెలుగు సరిగ్గా పడకపోతే నా నాటకం లేదు. అర్థమైందా?"

"అయింది. సాయంత్రం."

"సాయంత్రం కాదు!"

"మరి చీకటా?"

"చీకటీ కాదు!"

ఫ్యూజు తల గోక్కున్నాడు. "అంటే మీరు చెప్పేది, ఉందీ లేదూ అన్నట్టుండే వెలుగు. కరెంటు పోయేముందు వోల్టేజీ పడిపోతే వచ్చేది."

ఆమె అతనివైపు జాలిగా చూసింది.

* * *

అక్కడ మొదలైంది వాళ్ల గొడవ. రోజూ రిహార్సల్ ముందు ఫ్యూజు ఒక వెలుగు తయారు చేసేవాడు. నారింజ రంగు కాగితం, దాని పైన ఊదా, పక్కనుంచి కాస్త నీలం. రోజూ ఆమె వచ్చి పేరు పెట్టేది.

"ఇది సూర్యోదయం."

"ఇది ఐస్‌క్రీం షాపు."

"ఇదేంటి, ఎవరికైనా కామెర్లా?"

"మేడమ్, మీరు ఆ మునిమాపుని ఎప్పుడైనా చూశారా? లేక నిఘంటువులోనేనా?" అన్నాడు ఫ్యూజు ఒకరోజు ఉడుక్కుని.

ఆమె ఆఫీసు గదికి కిటికీ లేదు. ఇంటికెళ్లేసరికి చీకటి పడుతుంది. ఆలోచిస్తే ఆమె ఆ వేళని సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

"పదండి," అంది. "డాబా మీదకి."

హాలు డాబా మీద నీళ్ల ట్యాంకు, విరిగిన కుర్చీలు, రంగు వెలిసిన ఒక సింహాసనం ఉన్నాయి. సింహాసనం ఆమె తీసుకుంది. ఫ్యూజు ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. పొద్దు మేడల వెనక్కి జారిపోయింది. కింద వీధిలో ఒకడు స్కూటరు స్టార్టు కాక కాలితో తంతున్నాడు.

"ముని అంటే ఋషి కాదు," అంది ఆమె. "మునివేళ్లు అంటాం కదా, అవేమన్నా ఋషిగారి వేళ్లా?"

"కాదు, వేళ్ల కొసలు."

"మునిపళ్లు?"

"ముందు పళ్లు."

"అదే! ముని అంటే ముందుది, కొస, అంచు. మునుపు, ముందు, అన్నీ దాని చుట్టాలే. మునిమాపు అంటే..."

"ఆగండాగండి. మరి మునిగిపోవడం?"

"అది వేరే ఇల్లు. దానికీ దీనికీ చుట్టరికం లేదు."

"నాకెందుకో ఉందనిపిస్తోంది," అన్నాడు ఫ్యూజు ఆమె వైపు చూడకుండా. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

ఆమె మునిపంటితో కింది పెదవి నొక్కి నవ్వు ఆపుకుంది. అతను అది చూశాడు. ఆ క్షణంలో తెలుగులో ముని అనే మాట అతనికి పూర్తిగా అర్థమైపోయింది. ఎన్ని నిఘంటువులు చదివినా అంత బాగా అర్థమయ్యేది కాదు.

"ఇక మాపు అంటే..." అని ఆమె మొదలుపెట్టబోయింది.

"ఉండండి!" ఫ్యూజు దిగ్గున లేచాడు. "మీ నీడేది?"

ఆమె కంగారుగా కిందకి చూసుకుంది. నీడ లేదు. సింహాసనానికీ లేదు. ట్యాంకుకీ లేదు. వస్తువులన్నీ కనపడుతున్నాయి, దేనికీ నీడ లేదు.

"నేను పక్కనుంచి లైటు కొడుతున్నా. అందుకే ఐస్‌క్రీం షాపులా వస్తోంది. ఇక్కడ వెలుగు ఏ ఒక్క దిక్కునుంచీ రావట్లేదు చూశారా? ఆకాశం మొత్తం వెలుగుతోంది! మనుషుల మీద లైటు వెయ్యకూడదండీ. పైన ఒక తెల్లగుడ్డ కట్టి, దాని మీద వెయ్యాలి. అది మనుషుల మీదకి దిగాలి!"

అంటూ మెట్లు మూడేసి దూకుతూ వెళ్లిపోయాడు. మాపు సంగతి అక్కడే ఆగిపోయింది. సగం మాట నేర్చుకుని మిగతా సగం వదిలేసినవాడికి ఏం జరుగుతుందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మర్నాడు తెల్లగుడ్డ కింద వెలుగు దిగింది. బెంచీ మీద హీరో హీరోయిన్ ముఖాలు మెత్తగా, నీడల్లేకుండా, కాస్త దిగులుగా, కాస్త ఆశగా కనపడ్డాయి. రచయిత్రి ఏ పేరూ పెట్టలేదు. చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, "ఇదే" అంది.

* * *

ఆ తర్వాత రిహార్సల్ లేకపోయినా ఆమె వచ్చేది. పని లేకపోయినా అతను ఉండేవాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతను ఆమెకి వైర్లు చుట్టడం నేర్పాడు. ఆమె అతనికి దీపం అనే మాట చుట్టాలన్నిటినీ పరిచయం చేసింది. ఒకసారి వాన పడి డాబా తలుపు దగ్గర ఇరుక్కుపోయి, ఒకే గొడుగు ఉండి కూడా ఇద్దరూ తడిశారు. గొడుగు మధ్యలో పట్టుకోవడానికి ఇద్దరూ మొహమాటపడ్డారు మరి.

నాటకం దగ్గర పడింది. ఆమె సెలవులు అయిపోవచ్చాయి. ఆడిన మర్నాడే ఆమె తిరిగి తన ఊరికీ, కిటికీ లేని ఆఫీసుకీ వెళ్లిపోతుంది. ఆ సంగతి తల్చుకుంటే ఫ్యూజుకి గుండెలో రాయి పడ్డట్టుండేది. ఒకరోజు సామాన్లు సర్దుతుంటే ఇక ఆగలేక అనేశాడు.

"నాకు నువ్వంటే ఇష్టం. నాటకం అయిపోయాక ఎలాగో తెలియట్లేదు. నువ్వు ఒప్పుకుంటే మీ వాళ్లతో మాట్లాడతాను. ఒప్పుకోకపోతే... వైర్లు మాత్రం నువ్వే చుట్టావు, బాగా చుట్టావు."

కంగారులో వాక్యం ఎటో పోయింది.

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న వైరు చుట్ట కింద పెట్టింది. మెల్లగా, ఒక్కో మాటా ఏరుకున్నట్టుగా అంది.

"రేపు... మాపు... చెప్తాను."

అని నవ్వి వెళ్లిపోయింది.

ఫ్యూజు అక్కడే నిలబడిపోయాడు. రేపూ మాపూ! ఈ మాట అతనికి బాగా తెలుసు. ఇంటివాళ్లు కుళాయి బాగుచేయిస్తామనీ రేపు మాపు అంటారు. హాలు వాళ్లు ఫ్యాన్ మార్పిస్తామనీ రేపు మాపు అంటారు. చెయ్యం అని మొహం మీద చెప్పలేనివాళ్లు చెప్పే మాట అది. నవ్వుతూ కూడా అంది. మర్యాద తెలిసిన మనిషి కదా, మొహం మీద కాదనలేక తప్పించుకుంది.

మర్నాడు హాలుకి సెలవు. ఫ్యూజు ఉసూరుమంటూ ఊరవతల మేనత్త ఇంటికి పోయి, ఎవరూ అడక్కపోయినా ఇంట్లో స్విచ్చులన్నీ విప్పి మళ్లీ బిగించాడు.

"ఏమైందిరా నీకు?" అంది అత్త.

"ఏం లేదత్తా. ఫ్యూజు పోయింది."

* * *

ఆ తర్వాత రచయిత్రి హాలుకి వచ్చింది కానీ, వచ్చింది వేరే మనిషి.

"లైట్లాయనగారూ, మూడో సీన్లో కొంచెం పెంచండి."

గారూ! అండీ! ఫ్యూజుకి మండింది. కాదన్నది తనూ, ముఖం మాడ్చుకునేదీ తనేనా? అతనూ పంతానికి పోయి, "అలాగే మేడమ్‌గారూ" అన్నాడు. మధ్యలో హీరోయిన్ ఇటూ అటూ చూసి, "ఏసీ వేశారా ఏంటి, చలేస్తోంది" అంది.

నాటకం ఆడే రోజు పొద్దున్న ఆమె అందరికీ ఒక మార్పు చెప్పింది. రెండో సీన్లో హీరోయిన్ మునిమాపు గురించి చెప్పే మాటలన్నీ తీసేస్తున్నానంది. ఆ చోట ఒట్టి సాయంత్రం అంటే చాలు.

"అదేంటమ్మా? దానికోసమే కదా రాశావు!" అన్నాడు సామాన్లాయన.

"అర్థం కాని మాటతో ఎవరికి ఏం పని బాబాయ్? మనం ఒకటి చెప్తాం, వాళ్లకి ఒకటి వినపడుతుంది."

ఫ్యూజుకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మధ్యాహ్నం టీ తాగుతూ డైరెక్టరుగారి పక్కన చేరాడు.

"సార్, చిన్న అనుమానం. మాపు అంటే ఏంటి?"

"ఇప్పుడా అడగడం? సాయంత్రంరా. పొద్దు మాసిపోయే వేళ. మాయడంలోంచే వచ్చిందని మా అమ్మాయి వాదిస్తుంది. రేపు అంటే ఒకప్పుడు తెల్లవారడం. రేపూ మాపూ అంటే పొద్దున్నా సాయంత్రమూ. పనులు ఎగ్గొట్టేవాళ్ల నోట్లో పడి చెడిపోయింది గానీ మంచి మాటే."

ఫ్యూజు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"అయితే సార్... ఎవరైనా రేపు మాపు చెప్తాను అంటే?"

"ఎవరు అన్నారనేదాన్ని బట్టి ఉంటుంది. నేనంటే చెప్పనని. మా అమ్మాయి అంటే రేపు సాయంత్రం చెప్తానని. దానికి మాటంటే మాటే." డైరెక్టరుగారు టీ ఊదుకున్నాడు. "మొన్న సెలవు రోజు కూడా ఇక్కడికొచ్చి డాబా ఎక్కింది. కొత్త చీర కట్టుకుంది కూడా. తాళాలు తీయించింది నాతోనే. చీకటి పడేదాకా దోమలు కుట్టించుకుని, దిగొచ్చి ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరొస్తానన్నారో, ఎందుకు రాలేదో..."

ఆయన ఆగాడు. ఫ్యూజు ముఖం చూశాడు. మళ్లీ చూశాడు.

"ఒరేయ్," అన్నాడు నెమ్మదిగా. "నువ్వా?"

ఫ్యూజు అప్పటికే పరిగెడుతున్నాడు.

కానీ ఆ రోజు రచయిత్రిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మేకప్ గదిలో ఉందంటే వెళ్లాడు, అప్పుడే గేటు దగ్గరికి పోయింది. గేటు దగ్గర చుట్టాలతో ఉంది. "ఒక్క నిమిషం" అన్నాడు. "నాటకం అయ్యాక మాట్లాడుకుందాం లెండి, రేపో మాపో" అంది ఆమె. ఈసారి మాత్రం ఎగ్గొట్టేవాళ్ల అర్థంలోనే అంది. బెల్లు కొట్టారు. అతను లైట్ల గదికి ఎక్కక తప్పలేదు.

* * *

హాలు నిండింది. మొదటి సీను గడిచింది. రెండో సీనులో తెర లేవగానే తెల్లగుడ్డ కింద ఆ వెలుగు దిగింది. ముందు వరసల్లో ఎవరో "అబ్బ" అన్నారు. హీరో, హీరోయిన్ బెంచీ మీద మాట్లాడుకున్నారు. సీను చివర హీరోయిన్ లేచి డ్యూటీకి బయల్దేరాలి, మెల్లగా రాత్రి కావాలి.

హీరోయిన్ లేచింది. రాత్రి కాలేదు.

మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. వెలుగు అలాగే ఉంది.

"రాత్రి చెయ్యరా," అన్నాడు డైరెక్టరుగారు స్టేజీ పక్కనుంచి హెడ్‌సెట్‌లో.

"చెయ్యను సార్."

"ఏంటీ?"

"మీ అమ్మాయి నాకు మాపు చెప్తానంది. నేను తప్పు విని రాలేదు. ఇప్పుడు నా దగ్గరున్న మాపు ఇదొక్కటే. ఇది అయిపోతే రేపు ఆమె వెళ్లిపోతుంది. ఒక్కసారి పైకి పంపండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

"నా నాటకం ముంచుతావా, వెధవా!" అంటూనే ఆయన ముందు వరసలో ఉన్న ఆమె దగ్గరికి మనిషిని పరిగెత్తించాడు.

స్టేజీ మీద హీరోకి చెమటలు పట్టాయి. "ఇవాళేంటి, పొద్దు కుంకట్లేదు?" అన్నాడు సొంతంగా. జనం నవ్వారు. హీరోయిన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమెకి వచ్చిన మాటలంటూ మిగిలినవి పొద్దున తీసేసినవే. సరే కానీ అని అవే అందుకుంది.

"నీకు తెలుసా, ఈ వేళకో పేరుంది. మునిమాపు. రాత్రికి ముందు అంచు. పగలు నీది, రాత్రి నాది. ఈ అంచు ఒక్కటే మనిద్దరిదీ."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

లైట్ల గది తలుపు ధడేల్న తెరుచుకుంది. రచయిత్రి రొప్పుతోంది. కళ్లల్లో నిప్పులు.

"పిచ్చా నీకు? నా నాటకం!"

"రేపు మాపు అంటే ఎగ్గొట్టావనుకున్నాను," అన్నాడు ఫ్యూజు. చెయ్యి లైట్ల మీట మీదే ఉంది. "సగం మాటే తెలుసు నాకు. మిగతా సగం ఇవాళ తెలిసింది. నువ్వు డాబా మీద కూర్చున్నావని కూడా. తప్పు నాదే. కాదంటే కాదనే చెప్పు, ఇప్పుడే చీకటి చేసేస్తా, ఇంకెప్పుడూ అడగను. కానీ ఏదో ఒకటి చెప్పు."

ఆమె కిందకి చూసింది. తను కొట్టేసిన మాటలు స్టేజీ మీద ఒక్కొక్కటీ లేచి నిలబడుతున్నాయి. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆమె కోపం ఎటు పోయిందో పోయింది.

"ఆ రోజే చెప్పాను," అంది.

"ఏం చెప్పావు?"

"సరే అని. సింహాసనానికీ, నీళ్ల ట్యాంకుకీ, దోమలకీ చెప్పాను. చీకటి పడేదాకా పైకే అంటూ కూర్చున్నాను. నువ్వు ఒక్కడివే వినలేదు."

ఫ్యూజు ఆమె వైపు తిరిగాడు. "మళ్లీ... ఒక్కసారి..."

"సరే! సరే! సరే! ఇక రాత్రి చెయ్యి!"

అతను మీట దించబోయాడు. ఆమె తన చెయ్యి అతని చేతి మీద వేసింది. ఇద్దరూ కలిసి నెమ్మదిగా దించారు. తెల్లగుడ్డ మీంచి వెలుగు కొద్దికొద్దిగా వెళ్లిపోయింది. బెంచీ, ఆ తర్వాత మనుషులు, ఆ తర్వాత అంతా రాత్రిలో కలిసిపోయింది. చీకట్లో హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఆ చప్పట్ల మధ్య, ఆపాలని ఎవరికీ గుర్తులేని హెడ్‌సెట్‌లోంచి డైరెక్టరుగారి గొంతు గరగరలాడింది.

"విన్నాం. ఇక్కడ అందరం విన్నాం. మా అన్నయ్యకి నేను చెప్పుకుంటా గానీ, మూడో సీనుకి లైటెయ్యి అల్లుడూ!"